మారుమనువు: మన సాహిత్యం మరిచిన వివాహ చరిత్ర

ఇటీవల ఒక సాహిత్య గోష్ఠిలో ఒక యువ రచయిత్రి సూటిగా ఒక ప్రశ్న వేసింది: "ఈ రోజుల్లో పెళ్లిళ్లు ఎందుకు నిలవడం లేదు? మీ తరం దీనికేం సమాధానం చెబుతుంది?" వేదిక మీద ఉన్న ఒక పెద్దాయన తడుముకోకుండా జవాబిచ్చాడు. పూర్వం ఇలా ఉండేది కాదట. ఉమ్మడి కుటుంబాలు ఉండేవట, ఓర్పు ఉండేదట, ఆడవాళ్లు చదువుకుని ఉద్యోగాలకు వెళ్లడంతో సర్దుకుపోయే గుణం నశించిందట. సభలో చాలామంది తలలు ఊపారు. అభ్యుదయ సాహిత్యం చదువుకున్నవాళ్లు కూడా ఊపారు. నేనూ ఆ రోజు నోరు విప్పలేదు. ఆ మౌనానికి ప్రాయశ్చిత్తంగా ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ "పూర్వం" ఎవరిది? ఏ కులం వాళ్లది, ఏ వర్గం వాళ్లది, ఏ ఊరి వాళ్లది? ఈ ప్రశ్న వేయకుండా వివాహ వ్యవస్థను గురించి ఎంత రాసినా అది చరిత్ర కాదు. ఒక వర్గం తన ఇంటి ఆచారాన్ని దేశాచారంగా చెప్పుకోవడం మాత్రమే అవుతుంది.

నా "పూర్వం" మేడ్చల్ తాలూకాలోని ఒక పల్లెది. గొర్లు కాసుకునే కుటుంబం మాది. నేను మారుమనువు చేసుకున్న తల్లికి పుట్టినవాణ్ణి. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది. ఎందుకు పట్టిందన్నదే ఈ వ్యాసంలో అసలు విషయం.

ఒక పంచాయితీ

మా అవ్వకు (మా వైపు తల్లిని అలాగే పిలుస్తాం) తొమ్మిదేళ్ల వయసులో మొదటి లగ్గం అయింది. ఆ లగ్గం గురించి ఆమెకు గుర్తున్నది రెండే విషయాలు: కొత్త చీర బరువు, నిద్ర. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఈడు వచ్చాక కాపురానికి పోయింది. మొగుడు తాగేవాడు, కొట్టేవాడు. అలిగి తల్లిగారింటికి రావడం, పెద్దలు సర్దిచెప్పి తోలించడం నాలుగైదుసార్లు జరిగింది. ఆఖరుసారి ఆమె వెనక్కు పోనని భీష్మించింది. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, అంటే 1949లో, కులం పంచాయితీ కూర్చుంది.

ఆ పంచాయితీ సంగతి మా అవ్వ ఎన్నోసార్లు చెప్పింది. మొదటి మొగుడి తరఫువాళ్లు తామిచ్చిన ఓలి, లగ్గం ఖర్చు తిరిగి రావాలన్నారు. లెక్క ఎనభై హాలీ రూపాయల దగ్గర తెగింది. తరువాత ఆమెను మనువాడిన మా నాయిన ఆ డబ్బు కట్టాడు. కులానికి తప్పు కట్టారు. ఆ తప్పు డబ్బు ఆ సాయంత్రమే కల్లయిపోయింది. ఒక రాత్రిపూట, బాజాలు లేకుండా, కొత్త చీర పెట్టి, పుస్తె కట్టి మారుమనువు జరిపించారు.

నేను విమర్శకుడిగా పదే పదే ఆలోచించింది ఆ పంచాయితీలో జరిగిన మరొక సంభాషణ గురించి. మారుమనువుకు ముందు కులపెద్ద మా అవ్వను ముఖాముఖి అడిగాడు. కొత్త మనిషి ఇంట్లో ముసలి తల్లి ఉన్నది, చూసుకుంటావా? అతనికి ఇంత అప్పున్నది, తెలుసా? నీ పేరు మీద ఏమున్నది? మా మేనమామ పుట్టింటి మందలోంచి నాలుగు గొర్లు ఇస్తానన్నాడు. అప్పుడు మా అవ్వ నిండు పంచాయితీలో అన్న మాట ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు: "ఆ నాలుగు గొర్లు, వాటి పిల్లలు నావే. అమ్మినా నేనే అమ్ముత, ఉంచినా నేనే ఉంచుత." మా నాయిన ఒప్పుకున్నాడు.

గమనించండి. మొదటి లగ్గంలో ఆమె వస్తువు. రెండోసారి ఆమె ఒక పక్షం. మొదటిసారి రెండు కుటుంబాలు మాట్లాడుకున్నాయి. రెండోసారి ఇద్దరు మనుషులు అప్పు, ఆస్తి, ముసలివాళ్లు, నివాసం గురించి పదిమంది ఎదుట మాట్లాడుకున్నారు. ఇవాళ పట్నంలో పెళ్లికి ముందు దంపతులు కలిసి ప్రణాళిక వేసుకోవాలని ఉపన్యాసాలు చెబుతున్నారు. ఆ పని మా ఊరి వేపచెట్టు కింద, చదువురాని ఒక స్త్రీ విషయంలో, ఆమె మొదటి కాపురం విరిగిన తరువాత జరిగింది.

1951–52: శామీర్‌పేట

ఇది ఒక్క మా ఇంటి కథ అయితే దాన్ని ఆత్మకథలో రాసుకోవాలి, చరిత్ర వ్యాసంలో కాదు. కాని మా ఊరికి కొద్ది మైళ్ల దూరంలోనే ఈ జీవితానికి శాస్త్రీయమైన సాక్ష్యం నమోదయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1951–52లో వివిధ శాఖల బృందంతో కలిసి శామీర్‌పేట గ్రామాన్ని అధ్యయనం చేశాడు. ఆ అధ్యయనం 1955లో 'ఇండియన్ విలేజ్' అనే పుస్తకంగా వచ్చింది. ఒక భారతీయ గ్రామం మొత్తం జీవితాన్ని గ్రంథస్థం చేసిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. దేశదేశాల సామాజికశాస్త్ర విద్యార్థులు శామీర్‌పేట పేరును ఆ పుస్తకం ద్వారానే విన్నారు. తెలుగు సాహిత్య విద్యార్థులలో ఎంతమంది విన్నారో మనమే చెప్పుకోవాలి.

అప్పటి శామీర్‌పేట సుమారు రెండున్నర వేల జనాభా ఉన్న ఊరు. బ్రాహ్మణులు, కోమట్లు, రెడ్లు, ముత్రాసులు, గొల్లలు, సాలెలు, గౌండ్లలు, చాకళ్లు, మంగళ్లు, వడ్డెరలు, ఎరుకలు, మాలలు, మాదిగలు, వీళ్లతో పాటు ముస్లిములు ఉండేవారు. దూబే కుటుంబ సంబంధాలకు ఒక పూర్తి అధ్యాయం కేటాయించాడు. అందులో కనబడే దాంపత్యం గోష్ఠిలో పెద్దాయన వర్ణించిన దాంపత్యం కాదు. మొగుడు కొట్టడం ఉంది, పెళ్లాం అలిగి పుట్టింటికి పోవడం ఉంది, అత్తాకోడళ్ల తగవు ఉంది, కులపెద్దల జోక్యం ఉంది. ఉమ్మడి కుటుంబం ఆదర్శంగా మాటల్లో ఉన్నా, కొడుకులు పెళ్లయిన కొద్ది ఏళ్లకే వేరుపడిపోవడం మామూలుగా ఉంది. బ్రాహ్మణ, వైశ్య కులాల్లో విడాకులకు, వితంతు వివాహానికి తావు లేదు. శ్రమచేసి బతికే కులాల్లో రెండూ ఆచారంగా ఉన్నాయి.

ఇది శామీర్‌పేటకే ప్రత్యేకం కాదు. అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1920లో, సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాల మీద ప్రచురించిన బృహద్గ్రంథంలో తెలంగాణలోని అనేక శ్రామిక కులాల్లో మారుమనువు, విడాకులు ఉన్నట్టు కులం కులంగా నమోదు చేశాడు. "విడాకులు" అన్న తెలుగు మాటే చూడండి. తెగదెంపులకు గుర్తుగా ఆకును చించే ఆచారం ఆ మాటలో నిలిచిపోయింది. పాశ్చాత్య నాగరికత నుంచి దిగుమతి అయిన వస్తువుకు ఇంత అచ్చమైన పేరు ఉండదు.

కాబట్టి "పూర్వం పెళ్లిళ్లు నిలిచేవి" అన్న మాటను ఇలా సవరించుకోవాలి: పూర్వం కొన్ని కులాల్లో పెళ్లిళ్లు విరగడానికి వీల్లేదు, ఎక్కువ కులాల్లో విరిగేవి, మళ్లీ అతుక్కునేవి.

అదే కాలంలో ఢిల్లీలో

దూబే బృందం శామీర్‌పేటలో ఇల్లిల్లూ తిరుగుతున్న ఆ కాలంలోనే ఢిల్లీలో హిందూ కోడ్ బిల్లు మీద పోరాటం నడుస్తున్నది. విడాకుల హక్కు ఇస్తే హిందూ సమాజం కూలిపోతుందని సనాతనులు గగ్గోలు పెట్టారు. హిందువుల్లో అధిక సంఖ్యాకులైన శూద్ర కులాల్లో విడాకుల ఆచారం ఎప్పటినుంచో ఉన్నదని, కొద్దిమంది ఆచారాన్ని అందరికీ ధర్మంగా చెప్పడం కుదరదని అంబేద్కర్ వాదించాడు. బిల్లు నీరుగారిపోవడంతో 1951 సెప్టెంబరులో మంత్రి పదవికి రాజీనామా చేశాడు. శామీర్‌పేటలోని మాలవాడలో, గొల్లవాడలో ఉన్న హక్కు దేశపు చట్టసభలో ఇంకా వివాదాస్పదంగా ఉండేదన్న మాట!

చివరకు 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. ఆ చట్టంలోని 29వ సెక్షను ఆచారం ద్వారా సంక్రమించిన విడాకుల హక్కుకు భంగం కలగదని స్పష్టంగా చెప్పింది. పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు మాత్రం 1976 సవరణతో గాని రాలేదు. మా అవ్వ వేపచెట్టు కింద పొందినదాన్ని శాసనగ్రంథం అందుకోవడానికి ఇరవై ఏడేళ్లు పట్టింది.

ఇంతమాత్రాన కులపంచాయితీని నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఆ పంచాయితీలో కూర్చున్నవాళ్లంతా మగవాళ్లే. అవ్వ ఒంటి మీద దెబ్బలకు వాళ్లు ఏ తప్పూ వేయలేదు. తప్పు వేసింది కాపురం విడిచినందుకు. ఓలి తిరిగి ఇవ్వడమంటే స్త్రీ శ్రమను ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి వెల కట్టి బదిలీ చేయడమే. కులం దాటి మనసు పడిన ఆడదానికి అదే పంచాయితీ వెలి వేసేది. మారుమనువు చేసుకున్నదానికి శుభకార్యాల్లో ముందు వరస ఉండేది కాదు. నా సొంత చెల్లెలి పెళ్లిలో పసుపు కొట్టే రోటి దగ్గరికి మా అవ్వను రానివ్వలేదు. ఆమె దూరంగా కూర్చుని బియ్యం ఏరుకున్నది. ఆ రోజు నేను డిగ్రీ విద్యార్థిని. చూసి ఊరుకున్నాను.

ప్రైవేటు ఆస్తి పుట్టుకతో ఏకపత్నీ కుటుంబం, దానితో స్త్రీ దాస్యం ముడిపడి ఉన్నాయని 1884లో ఎంగెల్స్ వివరించాడు. ఆస్తి లేని వర్గంలో పురుషాధిక్యానికి పునాది ఉండదని కూడా అన్నాడు. మొదటి మాటకు శామీర్‌పేట గట్టి ఉదాహరణే. భూమి ఎక్కువగా ఉన్నచోట పెళ్లి ముడి బిగిసింది, రెక్కల కష్టం మీద బతికినచోట సడలింది. రెండో మాటకు మాత్రం మా అవ్వ వీపు మీది మచ్చలు సవరణ ప్రతిపాదిస్తున్నాయి. ఆస్తి లేకపోయినా దెబ్బలున్నాయి. లేనిదల్లా ఆ దెబ్బలు తింటూ చచ్చేదాకా పడి ఉండాలన్న నిర్బంధం.

సాహిత్యం ఎవరి పెళ్లిని చూసింది?

ఇప్పుడు మన రంగానికి వద్దాం. నేను ఎం.ఏ. తెలుగు చదివింది 1970ల మొదట్లో. వితంతు వివాహం అనగానే మాకు చెప్పిన తేదీ 1881 డిసెంబరు 11, స్థలం రాజమహేంద్రవరం, కర్త వీరేశలింగం. వివాహ సమస్య అనగానే 'కన్యాశుల్కం'. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన 1034 శుల్క వివాహాల లెక్క, ఒక్క ఏడాది పసికందుల్ని కూడా అమ్మిన వివరం గురజాడ 1897 నాటి పీఠికలో ఇచ్చాడు. ఆ లెక్క చదివి నేను కంటతడి పెట్టుకున్నాను. స్త్రీ స్వేచ్ఛ అనగానే చలం, 1927 నాటి 'మైదానం'.

వీళ్ల గొప్పతనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తమ కులాల చీకటిని తామే బయటపెట్టిన సాహసం వాళ్లది. చిక్కల్లా వాళ్ల తరువాత వచ్చిన విమర్శకులది, అధ్యాపకులది. ఆ కులాల సమస్యను తెలుగుజాతి సమస్యగా, ఆ సంస్కరణను తెలుగుజాతి సంస్కరణగా బోధించారు. ఆ బోధనలో ఒక విచిత్రమైన ఫలితం వచ్చింది. రాజమహేంద్రవరంలో ఒక వితంతువు పెళ్లాడితే అది సంస్కరణ. మేడ్చల్‌లో మా అవ్వ పెళ్లాడితే అది అనాగరికత, "కింది కులాల పద్ధతి". క్లాసులో వీరేశలింగం మీద వ్యాసం రాసి మెప్పు పొందిన నేనే, హాస్టల్లో మిత్రులు మీ అమ్మానాన్నల పెళ్లి ఎప్పుడైందని అడిగితే అబద్ధం చెప్పాను. నా సిగ్గు నా సొంతం కాదు. అది నాకు పాఠ్యపుస్తకం నేర్పిన సిగ్గు.

తెలంగాణ సాయుధ పోరాటపు స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు నాకు కళ్లు తెరిపిడి పడింది. దళాల్లో తిరిగిన స్త్రీలు, తుపాకి పట్టిన స్త్రీలు, ఉద్యమం కోసం కన్నబిడ్డను వదులుకున్న కమలమ్మ వంటి స్త్రీలు అందులో మాట్లాడారు. పెళ్లి, బిడ్డలు, కాపురం గురించిన నిర్ణయాల్లో తమ మాట ఎంత చెల్లిందో, పోరాటం ఆగిపోయాక తమను ఎలా ఇళ్లకు పంపేశారో చెప్పారు. భూస్వామ్యాన్ని ఎదిరించిన పార్టీ కూడా దంపతుల మధ్య సమానత్వాన్ని రేపటికి వాయిదా వేసింది. ఆ వాయిదా గురించి అభ్యుదయ సాహిత్యోద్యమంలో ఉన్న మనం ఎంత రాశాం? ఇది నింద కాదు, ఆత్మవిమర్శ.

ఓలి పోయి కట్నం వచ్చిన కాలం

శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతంలో పెళ్లి స్వభావం మారిన క్రమాన్ని నేను కళ్లారా చూశాను. నా చిన్నతనంలో మా కులంలో ఓలి ఉండేది, అంటే మగవాడి తరఫువాళ్లు ఆడపిల్ల తల్లిదండ్రులకు ఇచ్చేవాళ్లు. స్త్రీ చేతుల కష్టం ఒక ఇల్లు పోగొట్టుకుంటున్నది, ఇంకో ఇల్లు సంపాదించుకుంటున్నది గనుక. అది న్యాయమైన ఆచారమని కాదు, ఆమె శ్రమకు విలువ ఉన్నట్టు ఒప్పుకున్న ఆచారమని మాత్రమే నా మాట.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1958లోనే వరకట్న నిషేధ చట్టం చేసింది. కేంద్ర చట్టం 1961లో వచ్చింది. మా కులంలో కట్నం అన్న మాట బలపడింది ఆ తరువాతనే! చట్టం వెనుక నుంచి వస్తుంటే ఆచారం ముందుకు పరుగెత్తింది. కారణాలు కళ్ల ముందే ఉన్నాయి. పట్నం దగ్గరవుతున్నకొద్దీ ఈ ప్రాంతంలో ద్రాక్షతోటలు లేచాయి, ఫ్యాక్టరీలు వచ్చాయి, మగపిల్లలకు చదువులూ ఉద్యోగాలూ వచ్చాయి. గొర్ల మందలు కరిగిపోయాయి. మందతో పాటు మందలో స్త్రీ చేసే పనీ పోయింది. ఆమె "ఇంట్లో ఉండే మనిషి" అయింది. ఇంట్లో ఉండే మనిషిని పోషించడానికి మగవాడికి ఎదురు డబ్బు ఇవ్వాలన్న తర్కం పుట్టింది. దానికి తోడు పైకులాల పద్ధతులు అనుకరిస్తే గౌరవం పెరుగుతుందన్న భ్రమ ఉండనే ఉన్నది. మా కులపెద్దలే ఒకనాడు కూర్చుని, ఇకమీదట మారుమనువులు తగ్గించాలని, "మర్యాదగా" బతకాలని తీర్మానించుకున్నారు. బయటికి పోయే దారి మూసుకోవడాన్నే మర్యాద అనుకున్నారు.

తరువాత భూమి ధర లేచింది. ద్రాక్షతోటలు ప్లాట్లయ్యాయి. శామీర్‌పేటలో న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం వెలిసింది, పక్కనే ఔషధ పరిశోధనా సంస్థలు వచ్చాయి, రింగు రోడ్డు వచ్చింది. గజాల్లో లెక్కపెట్టే భూమి పెళ్లి చర్చల్లోకి దిగింది. పెళ్లి ఇద్దరు మనుషుల బతుకు ప్రణాళిక కాదు, రెండు కుటుంబాల స్థిరాస్తి ఒప్పందం అయింది.

నీ గొర్లేవి బిడ్డా?

ఇంతదూరం చరిత్ర చెప్పిన నేను ఏం చేశానో కూడా చెప్పాలి. 2004లో నా కూతురి పెళ్లి చేశాను. ఆమె ఎం.ఎస్సీ. చదివింది. మేడ్చల్ రోడ్డు దగ్గర మా పెద్దలనాటి ఎకరంన్నర చెలక అమ్మి కట్నం ఇచ్చాను. 1985 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన రాష్ట్ర సవరణ చట్టం ప్రకారం ఆ పెద్దల ఆస్తిలో ఆమెకు కొడుకుతో సమానమైన హక్కు ఉంది. ఆ విషయం మీద సభల్లో మాట్లాడినవాణ్ణి నేను. ఆమె హక్కును ఆమె పేరు మీద పెట్టకుండా, డబ్బుగా మార్చి, ఆమె భర్త తండ్రి చేతిలో పెట్టాను. ఎక్కడ కాపురం ఉంటారు, ఆమె ఉద్యోగం చేస్తుందా, ఎవరికి ఎంత అప్పుంది, పిల్లలెప్పుడు అన్న ప్రశ్నలు పెళ్లికి ముందు వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకునే అవకాశం మేం ఇవ్వలేదు. పెళ్లి భోజనాల్లో ఎన్ని కూరలుండాలో మాత్రం మూడు రోజులు చర్చించాం.

2007లో ఆమె ఒక సంచీతో తిరిగి వచ్చింది. ఉద్యోగం మాన్పించారు. ఇంకా తెమ్మన్నారు. భర్త చెడ్డవాడని నేను అనను. తన జీతం, తన పెళ్లాం, తన ఇల్లు, ఏదీ తన చేతిలో లేని బలహీనుడు అతను. నేను కుప్పకూలిపోయాను, కులంలో పరువు గురించి గొణిగాను. అప్పటికి డెబ్బై అయిదేళ్లున్న మా అవ్వ మాత్రం మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటే మాట అడిగింది: "నీ గొర్లేవి బిడ్డా?"

నా కూతురికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నాలుగు గొర్లున్న చదువురాని ఆడది ఒక్క మధ్యాహ్నంలో మొగుడికి విడాకులిచ్చింది. ఎకరంన్నర భూమి ఇచ్చి పంపిన ఎం.ఎస్సీ. అమ్మాయికి తన పేరు మీద ఏమీ లేదు. కోర్టులో పరస్పర అంగీకారం దాకా రావడానికి నాలుగేళ్లు పట్టింది. వాయిదా వాయిదాకూ మా అవ్వ అడిగేది: "ఇంకా పెద్దమనుషులు కూసోలేదారా?"

అప్పుడే నాకొక విషయం స్పష్టమైంది. పెళ్లిళ్లు విఫలం కావడానికి కారణం స్వేచ్ఛ ఎక్కువ కావడం కాదు. కలిసి బతకవలసిన ఇద్దరిని బతుకు లెక్కల నుంచి బయట కూర్చోబెట్టి మిగతా అందరూ లెక్కలు వేయడం కారణం. ఆ ఇద్దరిలో ఒకరికి సొంతమంటూ ఏమీ లేకుండా చేయడం ఇంకా పెద్ద కారణం. వదిలిపోలేని మనిషి ఒప్పుకోవడానికి అర్థం లేదు. ఒప్పుకోవడానికి అర్థం లేని చోట కలిసి ప్రణాళిక వేయడం సాధ్యం కాదు. ఒకరు వేస్తారు, ఇంకొకరు మోస్తారు.

ప్రణాళిక ఎవరిది, భారం ఎవరిది?

"ప్రణాళిక" అన్న మాట మన పల్లెల్లో దాంపత్యానికి సంబంధించి మొదట వినబడింది కుటుంబ నియంత్రణ ప్రచారంలోనే. 1952లో మొదలైన ఆ కార్యక్రమం ఎర్ర త్రికోణం గుర్తుతో మా ఊరి గోడల మీదికి వచ్చింది. గోడ మీద బొమ్మలో భార్యా భర్తా పక్కపక్కనే నవ్వుతూ ఉండేవారు. ఆచరణ వేరు. అత్యవసర పరిస్థితిలో, 1976–77 ఒక్క ఏడాదిలో, దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో ఎక్కువ మగవాళ్లవి, చాలావరకు బలవంతపువి. ఆ బలవంతం మీద ప్రజాగ్రహం రగిలాక ప్రభుత్వం బలవంతాన్ని తగ్గించుకున్నదనే కంటే, భారాన్ని స్త్రీల వైపు తిప్పిందనడం సరైనది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ వివాహిత స్త్రీలలో సగానికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్లు దానితో పోల్చదగిన సంఖ్య కానే కావు. మగవాళ్లకు చేసేది చిన్న ఆపరేషన్, కోలుకోవడమూ త్వరగా జరుగుతుంది. అయినా కత్తి ఆమె కడుపు మీదికే పోతుంది. ఇద్దరి ప్రణాళిక అని పేరు పెట్టి ఒకరి శరీరం మీద అమలు చేయడం ఇదే.

దూబే జీవిత సహచరి లీలా దూబే కూడా మానవశాస్త్రవేత్తే. మన సంస్కృతి పురుషుణ్ణి విత్తనంగా, స్త్రీని పొలంగా ఊహించిందని, పంట ఎవరిదన్న ప్రశ్నకు ఆ ఊహలోనే జవాబు దాచిపెట్టిందని ఆమె 1986లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో విశ్లేషించింది. పొలంతో ఎవరైనా సంప్రదిస్తారా? పొలాన్ని దున్నుతారు, కౌలుకిస్తారు, అమ్ముతారు. ఆ ఊహ మారనిదే దంపతుల సంప్రదింపు అన్నది సభామర్యాదగానే మిగులుతుంది.

2013లో నా కూతురు మారుమనువు చేసుకున్నది. ఆ మాటనే వాడమని ఆమే చెప్పింది, "పునర్వివాహం" వద్దన్నది. ఆమె పెళ్లాడిన అతనూ ఒకసారి విడిపోయినవాడే. పెళ్లికి ముందు మా ఇంట్లో చాప మీద కూర్చుని ఇద్దరూ ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. ఇద్దరి జీతం, ఇద్దరి అప్పు. ఇల్లు కొంటే ఇద్దరి పేరు మీద. ఆమె జీతంలో కొంత భాగం ఆమె ఖాతాలోనే, లెక్క అడగకూడదు. అతని తల్లిని, నన్ను, మా అవ్వను చూసుకోవడం ఇద్దరి పని. ఒక్క బిడ్డ చాలు, ఆ తరువాత ఆపరేషన్ అతనిది. ఏడాదికొకసారి నోటుబుక్కు మళ్లీ తెరవాలి. విడిపోవలసి వస్తే ఏం చేయాలో కూడా ఒక పేజీ రాశారు. ఆ పేజీ చూసి నేను అపశకునమన్నాను. మా అవ్వ నవ్వింది. "అది రాసుకుంటెనే ఇది నిలుస్తదిరా," అన్నది. నోటుబుక్కు మొదటి పేజీలో నా కూతురు పెట్టిన శీర్షిక "నా గొర్లు". రిజిస్ట్రారు కార్యాలయంలో సంతకాలు అయ్యాక, పసుపు దంచే రోట్లో మొదటి పోటు మా అవ్వ చేత వేయించారు. నేను నా చెల్లెలి పెళ్లిలో చేయలేని పని అది.

ఆ కాపురం ఎప్పటికీ నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేను. అలాంటి హామీ అడగడమే పాత అలవాటు. వాళ్లు గొడవపడతారు, నోటుబుక్కులో కొట్టివేతలు చాలా ఉన్నాయి. అతను ఆపరేషన్ సంగతి రెండేళ్లు నాన్చాడు, తరువాత చేయించుకున్నాడు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ ఇంట్లో ఏ నిర్ణయమూ ఒకరు వేసి ఇంకొకరు మోసింది కాదు.

యువ రచయితలకు, సాహిత్య విద్యార్థులకు నా మనవి ఇది. దాంపత్యం మీద మన కథలూ నవలలూ ఇప్పటికీ ఎక్కువగా రెండు ముగింపుల మధ్య ఊగుతున్నాయి: సర్దుకుపోవడం, గడప దాటడం. గడప దాటిన తరువాత ఏముందో మన శ్రామిక కులాల స్త్రీలకు తరతరాలుగా తెలుసు. ఓలి లెక్కలు, తెగదెంపుల మాటలు, మారుమనువు షరతులు ముసలవ్వల జ్ఞాపకాల్లో ఇంకా మిగిలి ఉన్నాయి. వాళ్ల దగ్గరికి పోయి కూర్చుని, "నీ లగ్గం ఎట్లయింది" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. "నిన్ను ఎవరన్నా అడిగిండ్రా? నీ పేరు మీద ఏముండె?" అని అడగండి. వచ్చే జవాబుల్లోంచి మన వివాహ చరిత్రను మళ్లీ రాయవలసి ఉంటుంది.

మా అవ్వ 2016లో పోయింది. ఆమె మారుమనువు మనిషి. ఇది ఇప్పుడు సిగ్గు లేకుండా రాస్తున్నాను.